చూశావా అంటే చూశానంది

ఆ ఇంట్లో "చూడు" అంటే చేత్తో పట్టుకోమని అర్థం. గోళీ పుట్టినప్పటి నుంచీ అంతే. మోకాలు గీరుకుపోయిందని ఏడుస్తూ వస్తే వాళ్ళమ్మ "ఏదీ, చూడనీ" అని వేళ్ళు చాపేది. కొత్త గౌను చూసేది, ఒళ్ళు కాలుతుంటే చూసేది, కూరలో ఉప్పు చూసేది, గిన్నె మాడిందేమో వాసన చూసేది. అన్నిటికీ ఆ ఒక్క మాటే. కళ్ళు లేని మనిషి రోజూ ఆ మాట అంటోందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచాల్సిన అవసరమూ రాలేదు.

వీధిలో ఆమెను కుర్చీలక్క అంటారు. పేము కుర్చీలు అల్లడం ఆమె పని. పుట్టడంతోనే రెండు కళ్ళలోనూ శుక్లాలు. చిన్నప్పుడు ఎవరూ ఆపరేషన్ చేయించలేదు, వయసు దాటాక చేస్తామని ఎవరూ అనలేదు. గోళీకి రెండేళ్ళప్పుడు భర్త పోయాడు. అప్పటి నుంచి తల్లీకూతుళ్ళు అన్నయ్య ఇంట్లో మేడ మీది గదిలో ఉంటున్నారు.

అన్నయ్య కాలేజీలో తత్వశాస్త్రం లెక్చరర్. ఏటా హేతువాదం, అనుభవవాదం పాఠం చెబుతాడు. దేవుణ్ణి వదిలేశారా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ హేతువాదం వేరు, ఈ హేతువాదం వేరు అని ఆయన మొదలుపెట్టేలోగా వదిన అందుకుంటుంది. ఈయనది హేతువాదం, ఈయనతో కాపురం చేసి నాది అనుభవవాదం అంటుంది. వచ్చినవాళ్ళు నవ్వుకుని కాఫీ తాగి వెళ్ళిపోతారు.

ఆ పాఠంలో ఒక ప్రశ్న ఉంది. దాన్ని అన్నయ్య చెల్లెలికి మేడమెట్ల మీద కూర్చుని చాలాసార్లు చెప్పాడు. పుట్టుగుడ్డి ఒకడు బంతినీ చదరపు దిమ్మనూ చేత్తో పట్టుకుని ఏది ఏదో చెప్పగలడు. వాడికి చూపు వచ్చింది. రెంటినీ బల్ల మీద పెట్టి, ముట్టుకోకుండా చెప్పమంటే చెప్పగలడా? చెప్పలేడన్నారు అనుభవవాదులు. మనసు రాయని పలక. చెయ్యి నేర్చింది చేతిది, కన్ను ఇంకా ఏమీ నేర్వలేదు. మూడు వందల ఏళ్ళ కిందట వాళ్ళు అలా అంటే, అవతలి పక్షం, హేతువాదులు, ఒప్పుకోలేదు. దిమ్మకు మూలలుంటాయి, బంతికి ఉండవు. ఆ తేడా చేతిదీ కాదు, కంటిదీ కాదు, బుద్ధిది. ఆలోచించి చూస్తే వాడికి తెలిసిపోతుంది. అన్నయ్య ఆ పక్షం.

"ప్రపంచం నీ బుద్ధిలో ఉండనే ఉందమ్మాయ్. కళ్ళొస్తే కిటికీ తీసినట్టే," అనేవాడు.

ఆ మాట ఆమె నమ్మింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కుడికన్ను ప్రయత్నించవచ్చని చెప్పిన రోజు, రాత్రి పక్కలో గోళీకి మాటిచ్చింది. కట్టు విప్పగానే ముందు నిన్నే చూస్తానంది. పదిమందిలో నిలబెట్టినా చెయ్యి వెయ్యకుండా పట్టేస్తానంది. ఆ మొహం ఆమెకు ఎంత తెలుసో ఎవరికీ తెలీదు. కనుబొమ గాటు, గడ్డం కింద నొక్కు, ఊడి మళ్ళీ వస్తున్న పన్ను. కూతురికి గోళీ అని పేరు పెట్టింది కూడా ఆ చేతులే. మంత్రసాని ఒళ్ళో పెట్టగానే మొదట చేతికి తగిలింది గుండ్రటి తల.

కట్టు విప్పుతూ డాక్టరమ్మ "ఏదీ, చూడమ్మా" అంది. కుర్చీలక్క చెయ్యి చాపి డాక్టరమ్మ ముక్కు పట్టుకుంది. గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత రెప్ప ఎత్తింది.

వెలుగు కంటికి తగిలింది. అలా తగులుతుందని ఎవరూ చెప్పలేదు. మొహం మీదికి ఏదో తోస్తున్నట్టయి తల వెనక్కి తీసుకుంది. ఒక మరకలోంచి డాక్టరమ్మ గొంతు వస్తోంది. దాని పక్కన ఇంకో మరక. ఏది దగ్గరో ఏది దూరమో తెలీదు. అన్నీ కంటికి అంటుకునే ఉన్నాయి.

అన్నయ్య సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఇవాళే ఎందుకండీ అని డాక్టరమ్మ విసుక్కుంది. ఇవాళ తప్పితే ఇంకేరోజూ కుదరదని ఆయన అన్నాడు. నిజమే, రేపటికి ఆమె ముట్టుకునేసి ఉంటుంది. స్టూలు మీద కూర్చున్న గోళీ మెడ చాపింది.

"బంతి ఏదో చెప్పు. ముట్టుకోకు. ఆలోచించి చూడు."

ఆమె ఆలోచించింది. మూలల కోసం వెతికింది. మూల అంటే వేలికి గుచ్చుకునేది. బల్ల మీద ఉన్నవాటిలో ఏదీ గుచ్చుకోలేదు. రెండు మరకలున్నాయి, అంతే. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె వేలెత్తి ఒకవైపు జరిపింది. అన్నయ్య ఊపిరి ఆగింది. వేలిని రెండోవైపు తిప్పింది. ఊపిరి వదిలాడు.

"ఇదే బంతి," అంది.

అన్నయ్య ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ పాఠానికి సాక్ష్యం ఇంట్లోనే దొరికింది. చూశావా అని అడిగాడు. చూశాను అంది. అది అబద్ధం. వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం ఉండింది. ఆలోగా స్టూలు దిగిన గోళీ చప్పట్లు కొడుతోంది.

ఆ సాయంత్రం మేడ మీద అమ్మను పరీక్షిద్దామని గోళీ, పక్కింటి పిల్లా గోడకు ఆనుకుని నిలబడ్డారు. అమ్మ చెవుల సంగతి గోళీకి తెలుసు. ఊపిరి బిగబట్టమని పక్కింటి పిల్లకు చెవిలో చెప్పింది. అది కూడా కుర్చీలక్కకు వినబడింది. కానీ ఏ వైపు నుంచో తేలలేదు. రెండు మరకల్లో ఒకదాన్ని చూపించి "ఇదిగో నా గోళీ" అంది. పక్కింటి పిల్ల పకపకా నవ్వింది. గోళీ మెట్లు దిగి అత్తయ్య దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో "చూడు" మాటకు అర్థం మారింది. ఆమె చెయ్యి చాపితే గోళీ పక్కకు జరుగుతోంది. చేత్తో కాదు, చూడు అంటోంది. పడుకునేటప్పుడు అమ్మ భుజం మీద తల పెట్టడం మానేసింది. బంతిని గుర్తుపట్టిన మనిషి తనను గుర్తుపట్టలేదంటే కారణం ఒక్కటే ఉంటుందని గోళీ లెక్క. ఆ కారణం ఏమిటో పైకి చెప్పలేదు. చెప్పకపోయినా, అమ్మకు తను గుర్తే లేదనుకుంటోందని తల్లికి తెలుస్తూనే ఉంది. ఆ లెక్కను విరగ్గొట్టాలంటే బంతి సంగతి చెప్పాలి. అన్నయ్య అప్పటికే కాలేజీలో అందరికీ చెప్పేశాడు, ఒక వ్యాసం మొదలుపెట్టాడు. రోజూ భోజనాల దగ్గర ఆ వ్యాసం మాటే. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఊరుకునేది.

పని కూడా చెడింది. పేము బద్దను నానబెట్టి, చట్రం రంధ్రాల్లోంచి ముందు నిలువు వరసలు, తర్వాత అడ్డ వరసలు, ఆపైన ఏటవాలు వరసలు లాగుతారు. ఆమె వేళ్ళు ఆ దారిన ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు కన్ను తెరిచి ఉంటే వేళ్ళు ఆగుతున్నాయి. ఒకరోజు ఆమె పూర్తి చేసిన కుర్చీని మేస్త్రీ ఏమీ అనకుండా పక్కకు తీసుకెళ్ళి విప్పడం విన్నది. కన్ను మూసుకుని అల్లుకుంటానని డాక్టరమ్మను అడిగింది. వాడకపోతే మెదడు ఆ కన్నును వదిలేస్తుంది, తర్వాత నేనేం చేయలేను అని డాక్టరమ్మ చెప్పింది. అన్నయ్య ఆమె చేతికర్రను ఇక అక్కర్లేదని మడిచి సంచిలో పెట్టేశాడు.

ఒక ఉదయం జడ వేయించుకుంటూ గోళీ చెప్పింది, ఇవాళ బడి వదిలాక నేను నీ దగ్గరికి రాను, నువ్వే చూసి పిలువు అని. మామూలుగా గోళీ పరిగెత్తుకొచ్చి తలను అమ్మ అరచేతిలోకి దూర్చేది. గేటు దగ్గర గుర్తుపట్టడం అంటే అదే.

"పిలవలేకపోతే?"

"బంతిని పిలిచావుగా," అంది గోళీ.

ఆ రోజంతా ఆమె పేము ముట్టలేదు. కూర్చుని లెక్క కట్టింది. కంటితో గుర్తుపట్టలేదు, అది తేలిపోయింది. ఇక మిగిలింది ఆలోచన. పిల్లలు బయటికి వస్తారు. ప్రతి పిల్లా తన వాళ్ళ దగ్గరికి పోతుంది. గోళీ మాత్రం పోదు, మాట్లాడదు, నిలబడే ఉంటుంది. కాబట్టి ఆగాలి. అందరూ వెళ్ళిపోయాక కదలకుండా మిగిలినదెవరో ఆ పిల్లే గోళీ. ఎన్నిసార్లు తిప్పి చూసినా లెక్కలో తప్పు కనబడలేదు. అన్నయ్యకు చెబితే మెచ్చుకునేవాడు.

గంట కొట్టారు. గేటు తీసిన చప్పుడు, అరుపులు, బూట్లు. ఆమె కంటి ముందు నీలం కదిలింది. నీలం అంటే యూనిఫాం రంగని వదిన చెప్పి ఉంది. నీలం మరకలు విడిపోయాయి, కలిశాయి, అటూ ఇటూ జరిగాయి. ఆమె గోడకు వీపు ఆనించి ఆగింది. సైకిళ్ళు వెళ్ళాయి, ఆటో వెళ్ళింది. మరకలు పలచబడ్డాయి. చివరికి ఒకటే మిగిలింది. నీలం, గోళీ అంత ఎత్తు. కదలడం లేదు, మాట్లాడటం లేదు.

ఆమెకు కాళ్ళలో బలం వచ్చింది.

"గోళీ," అని పిలిచింది. "చూశాను. నిన్ను చూశానే. రా, ఇంటికి పోదాం."

అది రాలేదు. అలిగిందనుకుంది. దగ్గరికి నడిచింది, నా బంగారం కదూ అంది, ఇంకోసారి రమ్మంది. ఎక్కడో పిల్లలు నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆమె చెయ్యి చాపింది. చేతికి ప్లాస్టిక్ మూత తగిలింది. మూత మీద అరటితొక్క. చెత్తడబ్బా.

నవ్వుల మధ్యలోంచి ఒక జత బూట్లు పరిగెత్తాయి. ఆ అడుగులు ఆమెకు తెలుసు. ఎడమ బూటు మడమ అరిగి ఈడుస్తుంది. ఆ వెనకే ఒక లారీ హారన్ మోగించుకుంటూ వచ్చింది. హారన్ ఆగేసరికి అడుగులు లేవు.

వాచ్‌మన్ గేటు మూస్తున్నాడు. మీ పాప అటు పరిగెత్తిందమ్మా, చూశారా అని అడిగాడు. అటు అంటే ఎటో చేత్తో చూపించే ఉంటాడు. కర్ర సంచిలో ఉంది. కన్ను తెరిచి ఉంది. అతని లెక్కలో ఎదురుగా ఉన్నది కళ్ళున్న మనిషి.

"చూశాను," అంది.

అతను గొళ్ళెం వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అతని అడుగులు వినబడనంత దూరం పోయాక ఆమెకు తను ఏమందో అర్థమైంది. గేటు కమ్ములు పట్టుకుని పిలిచింది. ఎవరూ పలకలేదు.

కన్ను తెరుచుకునే నడిచింది. రోడ్డుకు అడ్డంగా ఒక నల్లటి పట్టీ వచ్చింది. గొయ్యేమోనని ఆగి, కాలితో తడిమితే నేల తగిలింది. స్తంభం నీడ. ఇంకో నల్లటి పట్టీ వచ్చింది. ఇదీ నీడేలే అని అడుగు వేసింది. అది కాలువ గట్టు. మోకాళ్ళ మీద పడింది. అరచేతులు చీరుకుపోయాయి. ఎవరో స్కూటర్ ఆపి చూసుకుని నడవాలి కదమ్మా అన్నారు. పిల్లను చూశారా అని అడిగితే ఏ పిల్ల అన్నారు. యూనిఫాం వేసుకుంది అంటే, అందరూ వేసుకున్నారు కదమ్మా అని వెళ్ళిపోయారు.

ఆమె కాలువ గట్టు మీద కూర్చుంది. రుమాలు తీసి కుడికన్నుకు కట్టుకుంది. సంచిలోంచి కర్ర తీసి విప్పింది. వీధి మళ్ళీ వీధి అయింది. ఎడమ చేతివైపు ఇస్త్రీ బండి బొగ్గుల వాసన, ముందు పిండిమర, దాని అవతల మెయిన్ రోడ్డు రొద.

ఎక్కడికి పోయి ఉంటుంది. ఇల్లు కాదు. నవ్విన పిల్లలు ఇంటి సందువాళ్ళే, వాళ్ళ మధ్యలోంచి గోళీ నడవదు. మావయ్య కాలేజీ కాదు. దానికి మెయిన్ రోడ్డు దాటాలి, ఒక్కదానివే దాటొద్దని చెప్పి ఉంది. ఎంత కోపంలో ఉన్నా గోళీ ఆ మాట దాటదు. ఒకసారి అలిగి ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు కూడా రోడ్డు ఇవతలే నిలబడి ఏడ్చింది. ఇక మిగిలింది తను పనిచేసే కుర్చీల షెడ్డు.

మిగిలింది అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఇందాకా ఇలాగే లెక్క కట్టింది. లెక్కలో తప్పు లేదు. చివర్లో చెత్తడబ్బా వచ్చింది.

మెయిన్ రోడ్డు మీద బ్రేకు కీచుమంది. ఆమె లేచింది. ఆ చప్పుడు తర్వాత అరుపులు వస్తాయేమోనని విన్నది. రాలేదు. వచ్చేవరకు ఆగి వినాలా, షెడ్డుకు పోవాలా తేల్చుకోలేక కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది. తర్వాత షెడ్డువైపు తిరిగింది. వేరే దారి ఉండి కాదు. గోళీ గురించి ఆ కొంచెం తెలుసు కాబట్టి.

షెడ్డు ముందు మేస్త్రీ నీళ్ళ తొట్టి దగ్గర పేము చీలుస్తున్నాడు. రేడియోలో వార్తలు. గోళీ వచ్చిందా అని అడిగింది.

"ఎవరో లోపలికి పోయినట్టే అనిపించింది చెల్లెమ్మా. పిల్లో, పిల్లియో మరి. నా వీపు అటుంది. నేనైతే చూళ్ళేదు," అన్నాడు. ఆమె చేతులు చూసి నెత్తురేమిటని అడిగాడు. ఆమె అప్పటికే గడప దాటింది.

లోపల రుమాలు తీసేసింది. కొక్కేలకు కుర్చీలు వేలాడుతున్నాయి, నేల మీద చట్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవి ఉన్నాయని ఆమెకు తెలుసు. కంటికి మాత్రం వెలుగు ముక్కలు, మధ్యలో చీకటి ముక్కలు. ఏదీ కదల్లేదు. ఊపిరి కోసం విన్నది. రేడియో తప్ప ఏమీ లేదు. గోళీ ఊపిరి బిగబట్టి ఉండొచ్చు. అసలు గోళీయే లేకపోవచ్చు. రోడ్డు మీద ఉండొచ్చు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. షెడ్డు నాలుగు మూలలూ ఆమెకు కొట్టిన పిండి. చేతులు చాపి వెతికితే పిల్ల ఎక్కడ దాక్కున్నా దొరుకుతుంది. చేతులు లేచాయి కూడా. చేత్తో కాదు అన్న గోళీ గొంతు గుర్తొచ్చింది. ఇప్పుడు పట్టుకుంటే పిల్ల చేతికి దొరుకుతుంది, అంతవరకే. ఆమె తన పీట కాలితో వెతుక్కుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గోళీ, నువ్వు ఇక్కడున్నావో లేదో నాకు తెలీదు," అంది. "ఉంటే విను. ఆ రోజు బంతిని నేను చూళ్ళేదు."

ఏ చప్పుడూ లేదు.

"మావయ్య ఊపిరి విన్నాను. వేలు దిమ్మవైపు పోతే ఆయన ఊపిరి ఆగింది. ఇటు తిప్పితే వదిలాడు. నాకు బంతీ తెలీలేదు, దిమ్మా తెలీలేదు. ఇప్పుడు ఈ కుర్చీలూ తెలీట్లేదు. అన్నీ కంటికి అతుక్కుని ఉంటాయి. ఏది ఎక్కడ అయిపోయి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలీదు. నువ్వు నాకు గుర్తులేక కాదే. నా కంటికి నువ్వూ ఒకటే, చెత్తడబ్బా ఒకటే. అది కూడా నీ అంతే ఎత్తుంది."

రేడియోలో వార్తలు అయిపోయి ప్రకటనలు మొదలయ్యాయి. అరచేతులు మండుతున్నాయి. వెలుగు ముక్కలు అలాగే ఉన్నాయి. షెడ్డు ఖాళీ అని, తను ఖాళీ షెడ్డుతో మాట్లాడిందని, మళ్ళీ లెక్క తప్పిందని అనుకుంది. లేవడానికి కర్ర కోసం తడిమింది.

చట్రాల వెనక పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది.

"దానికి మూత ఉంది," అంది గోళీ. "నాకు లేదు."

ఆమె కదల్లేదు. కదిలితే ఏమవుతుందోనని భయం. అరిగిన మడమ ఈడ్చుకుంటూ అడుగులు దగ్గరికొచ్చి, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగాయి.

"మావయ్యకి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"నాకూ?"

"నీకూ."

గోళీ ముక్కు ఎగబీల్చింది. అది ఏడుపు. ఎంతసేపటి నుంచో తెలీదు. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుంది. నెత్తురు చూసి ఒక్క క్షణం ఆగి, ఆ చేతిని తన మొహం మీద పెట్టుకుంది.

"ఇది ముక్కు."

"తెలుసే."

"నీ చేతికి తెలుసు. కంటికి చెబుతున్నా. కన్ను మూసెయ్యకు. ఇదిగో, ముక్కు. చూడు."

ఆమె చూసింది. ఎదురుగా ఒక మరక ఉంది. దాని మీద ఇంకోటి ఉంది, అది తన చెయ్యే అయి ఉండాలి. వేలు కదిపితే ఆ మరకలో ఏదో కదిలినట్టుంది. రెప్ప వేసేసరికి పోయింది. వేలి కింద ముక్కు మాత్రం ఉంది, తడిగా.

"చూశావా?"

చూశాను అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది.

"లేదు," అంది.

గోళీ చెయ్యి వదల్లేదు. ఆ వేలిని కొంచెం జరిపి గడ్డం కింద నొక్కు మీద పెట్టింది. ఇప్పుడు చూడమంది. అప్పుడూ లేదంది. కనుబొమ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడా లేదు.

మేస్త్రీ రేడియో ఆపేశాడు. తాళం వేసుకోవాలి, బయల్దేరతారా అని గుమ్మంలోంచి అడిగాడు.

"కొంచెం ఆగండి," అంది గోళీ. "మా అమ్మ చూస్తోంది."